రివాల్వర్ బారెల్‌లో సీసం పేరుకోవడం: కొలత ముందు, గట్టితనం తరువాత

సీసపు గుండ్లు కాల్చే రివాల్వర్ బారెల్ లోపల, గుండును గిరగిరా తిప్పే మెలికల గాడుల అంచుల వెంట, వెండి రంగు చారలుగా సీసం అంటుకుపోవడం చాలా పాత సమస్య. దానికి సాధారణంగా ఒకే కారణం చెబుతారు: సీసం మెత్తనిది, గుండు వేగంగా పోయింది, అందువల్ల ఇనుముకు రాసుకుపోయింది. వినడానికి సబబుగా తోచే ఈ వివరణ చాలా సందర్భాలలో తప్పుదారి పట్టిస్తుంది. దీన్ని నమ్మినవారు మరింత గట్టి గుండు కోసం వెతుకుతారు, ఆ గట్టి గుండుతో సీసం ఇంకా ఎక్కువ పేరుకుంటుంది, అప్పుడు లోపం బారెల్‌దే అనుకుంటారు. నిజానికి మొదట చూడవలసినది కొలత. గుండు తాను దూరి వెళ్ళే దారికన్నా సన్నగా ఉంటే, దాని మిశ్రమలోహం ఎంత మంచిదైనా, దానికి పూసిన కందెన ఎంత మేలైనదైనా, బారెల్ శుభ్రంగా ఉండదు.

ఒడిశా సరిహద్దులోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగువారిలో లైసెన్సు రివాల్వర్ ఉన్నవారికి ఈ విషయం పరాయిది కాదు. మన దేశంలో పౌరులకు లైసెన్సు మీద అందే రివాల్వర్లలో ఎక్కువగా కనిపించేది కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారాలలో తయారైన .32 రివాల్వరే. దానికి వాడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా. ఆ తూటాలో సీసపు గుండు ఉన్నప్పుడు ఇక్కడ చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి. అయితే ఇక్కడ ఒక హద్దు గీయక తప్పదు. గుండ్లు పోత పోసుకుని, ఖాళీ ఇత్తడి కేసుల్లో మళ్ళీ ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), మందు నింపి తూటా కట్టుకోవడం అమెరికాలో చట్టబద్ధమైన, ఎంతో విస్తరించిన అభిరుచి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నిషిద్ధం. తూటా భాగాలు కూడా ఆ చట్టంలోని నిర్వచనంలోకి వస్తాయి. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళ జైలు, గరిష్ఠం యావజ్జీవం. రివాల్వర్ ఉంచుకునే లైసెన్సు తూటా కట్టుకునే లైసెన్సు కాదు. కాబట్టి తూటా కట్టే పనికి సంబంధించి ఇక్కడ వివరించేదంతా అమెరికా అనుభవం. అక్కడ స్థిరపడి ఆ పని చేస్తున్న మనవారికి అది నేరుగా ఉపయోగిస్తుంది. ఇక్కడి లైసెన్సుదారుకు తన బారెల్‌లో కనిపించే చార ఏమి చెబుతోందో అర్థం చేసుకోవడానికి, దానిని హాని లేకుండా తీయడానికి ఉపయోగిస్తుంది.

రైఫిల్‌లో గానీ పిస్టల్‌లో గానీ లేని ఒక చిక్కు రివాల్వర్‌లో ఉంది. తూటా ఉండే చాంబర్ వేరు, బారెల్ వేరు, రెండూ ఒకే లోహపు ముక్క కావు. మందు అంటుకోగానే గుండు ఇత్తడి కేసు నుంచి బయటపడి, ముందు చాంబర్ చివర ఉన్న సన్నని మెడలోకి వెళుతుంది. అక్కడి నుంచి, చాంబర్లన్నీ ఉండే సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న ఖాళీని దాటుతుంది. మంచి స్థితిలో ఉన్న రివాల్వర్లలో ఆ ఖాళీ సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఆపైన బారెల్ మొదట్లో గరాటులా తెరుచుకుని ఉండే ఫోర్సింగ్ కోన్‌లో దూరి, చివరకు గాడులను పట్టుకుంటుంది. మెడ, గరాటు, గాడులు మూడూ వేర్వేరు పనిముట్లతో, కొన్నిసార్లు వేర్వేరు యంత్రాలపై కోసినవి. వాటి కొలతలు ఒకదానితో ఒకటి కుదిరి ఉంటాయన్న భరోసా లేదు. ఒకే సిలిండర్‌లోని ఆరు మెడలు కూడా కొన్ని తుపాకులలో సమానంగా ఉండవు.

ఈ దారిలో గుండు ఎక్కడైనా సన్నగా పడితే దాని పక్కల నుంచి మందు వాయువు ముందుకు చొచ్చుకుపోతుంది. వాయువు ఉష్ణోగ్రత రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర. అందువల్ల గుండు అడుగు కరిగిపోయి బారెల్‌కు అంటుకుంటుందని చాలామంది ఊహిస్తారు. కానీ ఇసుకలోనో నీటిలోనో కాల్చి తిరిగి తీసిన పోత గుండ్ల అడుగున అచ్చు గీతలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. గుండు బారెల్‌లో ఉండేది సెకనులో వెయ్యో వంతు స్థాయి కాలం మాత్రమే, అడుగు భాగమంతా కరగడానికి ఆ వ్యవధి చాలదు. హాని చేసేది సన్నని సందులోంచి అతి వేగంగా దూసుకుపోయే వాయువు. అది గుండు అంచును కోసి, ఆ సీసపు రేణువులను ముందుకు చిమ్మి, గాడుల గోడలకు పూతలా అంటిస్తుంది. వెనుక వచ్చే గుండు ఆ పూతను ఇస్త్రీ చేసినట్లు మరింత అదుముతుంది. ఊళ్ళలోని బోరింగు పంపులో తోలు వాషర్ అరిగిపోతే నీళ్ళు పైకి రాకుండా పక్కల నుంచి కిందికి జారిపోతాయి. అప్పుడు పంపు కడ్డీని ఎంత బలంగా కొట్టినా లాభం ఉండదు. ఇక్కడా పని చెడగొట్టేది ఆ పక్క సందే. ఒక్కసారి మొదటి సీసపు పొర పడిన తరువాత బారెల్ మరింత గరుకుగా మారి తరువాతి గుండ్ల సీసాన్ని పట్టేస్తుంది కాబట్టి, పేరుకోవడం కాల్చిన కొద్దీ వేగం పుంజుకుంటుంది.

అందుకే అనుభవమున్నవారు తూటా కట్టే ముందు తుపాకిని కొలుస్తారు. మెత్తని శుద్ధ సీసపు గోళీని నూనె రాసిన ఖాళీ బారెల్‌లో ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా తోసి, బయటికి వచ్చిన దానిని మైక్రోమీటరుతో కొలిస్తే గాడుల అడుగుల మధ్య వ్యాసం, అంటే గాడుల కొలత, వస్తుంది. అదే పద్ధతిలో ఆరు చాంబర్ మెడలనూ విడివిడిగా కొలవవచ్చు. ఈ రంగంలో లెక్కంతా అంగుళంలో వెయ్యో వంతులలో జరుగుతుంది. ఒక వెయ్యో వంతు అంటే మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు. ఇంత స్వల్పమైన తేడా సీసం పడుతుందా పడదా అన్నదాన్ని తేల్చేస్తుందంటే మొదట నమ్మశక్యం కాదు, కానీ కొలిచి చూసినవారికి సందేహం మిగలదు. మెడ కొలత గాడుల కొలతకు సమానంగా గానీ, అంతకన్నా అర వెయ్యో వంతు నుంచి ఒక వెయ్యో వంతు వరకు ఎక్కువగా గానీ ఉండాలి. గుండు ఆ మెడలోంచి వేలితో నొక్కితే కొద్దిపాటి పట్టుతో జారేంత ఉండాలి. .38 స్పెషల్, .357 మాగ్నమ్ అనే తూటాలకు చేసిన బారెల్‌ల గాడుల ప్రామాణిక కొలత 0.357 అంగుళం. వాటిలో పోత గుండును 0.358కి దిద్దడం మామూలు.

మెడలు సన్నగా ఉండి గాడులు వెడల్పుగా ఉన్న తుపాకి అన్నిటికన్నా మొండిది. గుండు ఎంత లావుగా పోసినా మెడ దానిని నొక్కి సన్నబరుస్తుంది, ఆ తరువాత అది బారెల్‌లో వదులుగా పోతుంది. మెడలకూ గాడులకూ కొలత కుదరకపోవడానికి .45 కోల్ట్ తూటా రివాల్వర్లు ప్రసిద్ధమైన ఉదాహరణ, అదీ రెండు వైపులా. కొన్ని పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో మెడలు 0.456 అంగుళం వరకు ఉండగా, గాడులు 0.451 దగ్గర ఉండేవి. అంటే గుండు మెడలో వదులుగా పోయి, అక్కడే వాయువు దాటిపోయేది. రూగర్ సంస్థ చేసిన కొన్ని .45 కోల్ట్ రివాల్వర్లలో దీనికి పూర్తిగా తిరగబడ్డ స్థితి, మెడలు గాడులకన్నా సన్నం. ఇలాంటి వాటిలో గుండు మార్చి ప్రయోజనం లేదు. నిపుణుడైన పనివాడు మెడలను రీమర్‌తో సమంగా వెడల్పు చేయవలసిందే. కొన్ని తుపాకులలో బారెల్‌ను ఫ్రేములోకి మరలతో బిగించినచోట లోపలి రంధ్రం కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. సీసపు గోళీని తోసినప్పుడు ఆ చోట చేతికి హఠాత్తుగా బిగువు తగిలి, అది దాటగానే వదులవుతుంది. ఆ నొక్కు దాటిన గుండు మిగిలిన బారెల్ అంతటా సన్నగానే పోతుంది.

ఇక్కడ తరచూ కంటపడకుండా పోయే విషయం మరొకటి ఉంది. అచ్చులోంచి సరైన కొలతతో వచ్చిన గుండు తూటాలో కూర్చున్నాక అదే కొలతతో ఉంటుందని అనుకోరాదు. ఇత్తడి కేసు నోటిని వెడల్పు చేసే పనిముట్టు రాగి తొడుగు గుండ్ల కోసం తయారైనదైతే, అది పోత గుండుకు చాలినంత చోటు ఇవ్వదు. మెత్తని గుండును బిగువైన కేసులోకి నెట్టినప్పుడు ఇత్తడి గెలుస్తుంది, సీసం కుంచించుకుపోతుంది. కేసు గోడ అడుగుకు పోయేకొద్దీ మందమవుతుంది కాబట్టి, లోతుగా కూర్చునే చదును ముఖపు పొడవాటి గుండ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందులోనూ దెబ్బతినేది గుండు అడుగు. వాయువును ఆపవలసిన భాగమే సన్నబడిపోతుంది. కేసు నోరు చాలినంత విప్పకపోతే గుండు పక్కనుంచి సన్నని సీసపు రింగు చెక్కుకుపోతుంది. తూటా పూర్తయ్యాక నోటిని బిగించే కొన్ని పనిముట్లలో ఉండే కార్బైడ్ రింగు, ఇత్తడి మీద నుంచే లోపలి గుండును నొక్కేస్తుంది. దీనికి పరీక్ష చాలా సులువు. కట్టిన తూటాల్లో ఒకదాని నుంచి గుండును మళ్ళీ ఊడదీసి కొలవాలి. అచ్చు, మిశ్రమం, కందెన అన్నీ మార్చి విసిగిపోయిన వారికి ఆ ఒక్క కొలతే సమాధానం చూపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఈ పరీక్షను అన్నిటికన్నా ముందు చేయడం న్యాయం, కానీ చాలామంది అన్నిటికన్నా చివర చేస్తారు.

కొలత కుదిరిన తరువాతే గట్టితనం గురించి ఆలోచించాలి. సరిహద్దు జిల్లాలవారికి మెత్తని సీసం, గట్టి సీసం రెండూ ఎరుకే. గోపాలపురం తీరంలోని తెలుగు మత్స్యకారులు వలకు కట్టే గుళ్ళ సీసం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. పాత అచ్చుకూటాలలో వాడిన అక్షరాల లోహం అదే సీసానికి ఆంటిమొనీ, తగరం కలిపినది, కింద పడితే విరిగేంత గట్టి. బ్రినెల్ కొలమానంలో శుద్ధ సీసం గట్టితనం సుమారు 5. సీసం 84, ఆంటిమొనీ 12, తగరం 4 పాళ్ళుగా ఉండే లైనోటైప్ లోహం గట్టితనం సుమారు 22. ఈ రెంటి మధ్య ఎన్నో మెట్లున్నాయి. సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 పాళ్ళ మిశ్రమం 15 దగ్గర ఉంటుంది.

పేలుడు పీడనానికి గుండు అడుగు కొద్దిగా ఉబ్బి గాడులను నింపడం పోత గుండుకు ఉన్న సహజమైన సద్గుణం. ఆ ఉబ్బు రావాలంటే పీడనం లోహపు గట్టితనాన్ని మించాలి. బ్రినెల్ సంఖ్యను సుమారు 1,420తో గుణిస్తే చదరపు అంగుళానికి ఎన్ని పౌన్ల పీడనం దగ్గర లోహం లొంగుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుందని పోత గుండ్లవారు లెక్క కడతారు. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ గరిష్ఠ పీడనం 15,000. ఆ లెక్కన గట్టితనం పదిన్నర దాటిన గుండు అందులో ఉబ్బదు. .38 స్పెషల్ గరిష్ఠం 17,000, అంటే గట్టితనం 12. .357 మాగ్నమ్ గరిష్ఠం 35,000. లక్ష్యసాధనకు కట్టే తూటాలు ఈ హద్దులకు చాలా కిందనే ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా మెత్తని లోహం కావాలి. ఈ సూత్రం చట్టం కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. అయినా గట్టితనం 18 ఉన్న దుకాణపు గుండు, అందులోనూ ఒక వెయ్యో వంతు సన్నగా ఉన్నది, నెమ్మదైన .38 స్పెషల్ తూటాలో ఎందుకు సీసం మిగిలిస్తుందో ఈ సూత్రం చక్కగా వివరిస్తుంది. అది ఉబ్బలేదు, సందు మూయలేదు, వాయువు దాన్ని కోసింది. దీనికి ఎదురుగా, అడుగున గుల్లగా ఉండే శుద్ధ సీసపు చదును గుండ్లు తేలికైన పీడనానికే అంచులు విప్పుకుని బారెల్‌ను శుభ్రంగా ఉంచుతాయి.

చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు కంపెనీ తూటాలలోని సీసపు గుండ్లు బారెల్‌లను విపరీతంగా నింపేశాయి. ఆ గుండ్లు మెత్తనివి, పైగా కొలతకు చాలనివి, పీడనం మాత్రం అంతకు ముందు రివాల్వర్ ఎరగనంత. అదే కాలంలో ఐడాహోకు చెందిన ఎల్మర్ కీత్ .44 స్పెషల్‌లో బలమైన తూటాలు కట్టి కాలుస్తూ, పదహారు పాళ్ళు సీసానికి ఒక పాలు తగరం కలిపిన గుండును సమర్థించాడు. దాని గట్టితనం సుమారు 11 మాత్రమే. అతని కృషి 1955లో .44 మాగ్నమ్ రావడానికి దారి తీసింది. రెండు ఉదాహరణల్లోనూ లోహం గట్టిది కాదు. తేడా గుండు ఆకృతిలో, కందెన గాడిలో, అన్నిటికన్నా ముఖ్యంగా కొలతలో ఉంది. అలాగని మెత్తదనానికి హద్దు లేదని కాదు. పూర్తి బలంతో కట్టిన మాగ్నమ్ తూటాలో శుద్ధ సీసం గాడులను పట్టుకోలేక జారిపోతుంది. అప్పుడు గుండు అడుగున రాగి టోపీ తొడగడం ఒక దారి.

కందెన గురించి తక్కువ చెప్పినా చాలు. తేనెమైనం, ఆలాక్స్ (పెట్రోలియం నుంచి తీసిన జిడ్డు పదార్థం) సమపాళ్ళలో కలిపిన పాత కందెన ఇప్పటికీ రివాల్వర్ వేగాలకు సరిపోతుంది. రవాణాలో చెదరకుండా దుకాణపు గుండ్లకు పూసే గట్టి మైనం దీనంత బాగా పనిచేయదు. మెత్తని కందెనకు మాత్రం వేసవి శత్రువు. మూసి ఉంచిన కారులో గానీ రేకుల పైకప్పు కింద గానీ తూటాలు ఉంచితే కందెన మెత్తబడి మందులోకి దిగి, తూటా బలహీనంగా పేలే ప్రమాదం ఉంది. అలా పేలిన గుండు బారెల్ మధ్యలోనే ఆగిపోవచ్చు. శబ్దం గానీ తుపాకి వెనక్కి తన్నే దెబ్బ గానీ మామూలుకన్నా తక్కువగా అనిపిస్తే, బారెల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకోకుండా రెండో తూటా కాల్చడం ప్రాణాపాయం. ఈ మధ్య ప్లాస్టిక్ పొడి పూసి పొయ్యిలో కాల్చిన గుండ్లు వస్తున్నాయి. అవి శుభ్రమైనవే, కానీ సన్నని గుండుకు రంగు పూస్తే అది లావు గుండు కాదు.

సీసం ఎక్కడ పడిందన్నది ఎంత పడిందన్నదానికన్నా ఎక్కువ చెబుతుంది. బారెల్ మొదట్లో, గరాటు దాటిన వెంటనే పడితే గుండు సన్నగా ఉందని గానీ, మెడల కొలత తప్పని గానీ, గరాటు గరుకుగా ఉందని గానీ అర్థం. మొదలు శుభ్రంగా ఉండి చివరి భాగంలో మాత్రమే పడితే కందెన దారి మధ్యలో అయిపోయిందని అర్థం. మొదటి నుంచి చివరి వరకు పలుచగా పరుచుకుంటే బారెల్ గరుకుదనాన్ని అనుమానించాలి. మన తీర ప్రాంతపు ఉప్పుగాలికి తుప్పు పట్టి గుంటలు పడిన పాత బారెల్‌లు ఈ కోవకు చెందుతాయి. గరాటులో ఒక పక్కనే సీసం పేరుకుని, కాల్చినప్పుడు పక్కకు సీసపు ముక్కలు చిమ్ముతుంటే, చాంబర్ బారెల్‌కు ఎదురుగా సరిగ్గా నిలబడటం లేదన్నమాట. ఆ రివాల్వర్‌ను కాల్చడం ఆపి, లైసెన్సున్న ఆయుధ డీలర్ ద్వారా పనివాడికి చూపించాలి. పలుచని బూడిద రంగు పొర ఒకటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆంటిమొనీ ఎక్కువ, తగరం తక్కువ ఉన్న గుండ్లు మిగిల్చే ఆ పొరను చూసి కంగారు పడనక్కరలేదు.

పేరుకున్న సీసాన్ని తీసే పని ఇక్కడి లైసెన్సుదారుకు నేరుగా సంబంధించినది, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ అక్కడే. రాగి తొడుగు తూటాలు నాలుగు కాల్చి సీసాన్ని ఊడ్చేయవచ్చన్న నమ్మకం చాలా చోట్ల ఉంది. ఇది మానవలసిన పద్ధతి. సీసంతో ఇరుకైన బారెల్‌లోంచి గట్టి గుండును పంపితే పీడనం పెరుగుతుంది, అడ్డుపడిన సీసంలో కొంత ఇంకా గట్టిగా అదుముకుపోతుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి బారెల్‌లో పోసే చిట్కా ఇంకా చెడ్డది. అది సీసాన్ని చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరగల విషపు లవణంగా మారుస్తుంది, ఎక్కువసేపు ఉంటే ఉక్కును కూడా తింటుంది. పూర్వం కొందరు పాదరసం వాడేవారు, దాని ఆవిరి కూడా విషమే. సురక్షితమైన పద్ధతి నెమ్మదిగా సాగుతుంది. తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని, బారెల్‌లో నూనె రాసి కొన్ని గంటలు వదిలి, కంచు బ్రష్‌కు శుద్ధ రాగి పీచు చుట్టి ముందుకూ వెనుకకూ లాగితే సీసం పొరలు పొరలుగా రాలుతుంది. రాగి పూత మాత్రమే ఉన్న ఉక్కు పీచు వాడితే గాడులు గీసుకుపోతాయి కాబట్టి, కొనే ముందు దానికి అయస్కాంతం పెట్టి చూడాలి. పీచు అతుక్కుంటే లోపల ఉక్కు ఉన్నట్టే. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, పిల్లలు తిరగని చోట, అన్నం వండే గదికి దూరంగా ఈ పని చేసుకోవాలి. రాలిన సీసాన్నీ తుడిచిన గుడ్డలనూ విడిగా కట్టి పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే నీళ్ళు తాగాలి. బారెల్ శుభ్రమైన తరువాత దాని మొదట్లోని గరాటును లైటు వేసి ఒకసారి చూడాలి, సీసం అడుగున దాగిన గీతలూ గుంటలూ అప్పుడే బయటపడతాయి.